విద్యార్థుల కోపాన్ని కొలిచే ప్రశ్నావళి తెలుగులో రాస్తున్నాను, ఎక్కడో తప్పు కొలుస్తోంది. సలహా ఇవ్వండి

పెన్నాతీరం
అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ సైకాలజీ రెండో సంవత్సరం. యూనివర్సిటీ విద్యార్థుల్లో కోపాన్ని అదుపు చేసుకునే నేర్పు ఎంత ఉందో కొలవాలి, అదీ నా ప్రాజెక్టు. 30 వాక్యాలు రాసుకున్నాను. ఒక్కోదానికి ఐదు గడులు. చివర్లో అన్నీ కూడితే ఒక స్కోరు వస్తుంది. ఎక్కువ వస్తే అదుపు బాగున్నట్టు.

పోయిన వారం మా హాస్టల్లో కొందరు జూనియర్లకు ఇచ్చి చూశాను. అందరికంటే మంచి స్కోరు ఎవరికి వచ్చిందంటే, రూమ్మేట్‌తో మాట పట్టింపు వచ్చి దసరా సెలవుల ముందు నుంచి ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడని అమ్మాయికి. ఇద్దరి మంచాల మధ్య సూట్‌కేసు నిలబెట్టి గోడలా పెట్టుకుంది. అందరికంటే తక్కువ వచ్చిన అమ్మాయి తన బకెట్ ఎవరైనా తీస్తే కారిడార్ అదిరేలా అరుస్తుంది, పది నిమిషాల తర్వాత అదే మనిషి భుజం మీద చెయ్యి వేసి టీకి వెళ్తుంది.

నాకు తెలిసి వీళ్లిద్దరి మార్కులు తారుమారు కావాలి. కనీసం ఇలా మాత్రం ఉండకూడదు. గైడ్ గారు ఫారం బాగానే ఉంది, డేటా తెచ్చెయ్యమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

కొలతల మాస్టారు
అమ్మా, మనసొప్పకపోవడమే మంచి లక్షణం. నేను స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. మీలాంటి ప్రాజెక్టులు చాలా చూశాను. నూటికి తొంభై చోట్ల జరిగే పొరపాటు ఆ కూడికలోనే ఉంటుంది.

కోపం విషయంలో ఎక్కువమంది వాడేది చార్లెస్ స్పీల్‌బర్గర్ అనే సైకాలజిస్టు తయారుచేసిన స్టాక్సీ అనే ప్రశ్నావళి. మొదటిది 1988లో, సవరించిన స్టాక్సీ-2 1999లో వచ్చాయి. రెండోదాంట్లో 57 వాక్యాలు. 15 వాక్యాలు ఇప్పుడు, ఈ నిమిషాన ఎంత కోపంగా ఉన్నారో అడుగుతాయి. 10 వాక్యాలు అసలు మీ స్వభావంలోనే కోపం ఎంతో అడుగుతాయి. మిగతా 32 మీకు పనికొచ్చేవి. వాటిని ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగాలు చేశారు. కోపాన్ని బయటికి కక్కడం ఒకటి, లోపల దాచుకోవడం ఒకటి, బయటికి రాకుండా ఆపుకోవడం ఇంకోటి, లోపలి మంటనే చల్లార్చుకోవడం నాలుగోది.

మీ మొదటి అమ్మాయిని ఈ నాలుగింట్లో పెట్టి చూడండి. కక్కడం తక్కువ, ఆపుకోవడం ఎక్కువ. అక్కడ మంచి మార్కులే. కానీ దాచుకోవడం బాగా ఎక్కువ, చల్లార్చుకోవడం దాదాపు లేదు. మీ 30 వాక్యాల్లో దాచుకోవడం గురించి ఎన్ని ఉన్నాయి? నా అనుమానం నిజమైతే, దిగమింగడాన్ని కూడా మీరు అదుపు కిందే జమ వేసుకున్నారు.

స్పీల్‌బర్గర్ కూడా చివర్లో ఒక మొత్తం తీస్తాడు. కక్కడం, దాచుకోవడం రెండూ కూడి, అందులోంచి రెండు అదుపులూ, అంటే ఆపుకోవడం, చల్లార్చుకోవడం, తీసేసి, 48 కలుపుతాడు. 48 ఎందుకంటే అంకె సున్నా కిందికి పోకుండా. ఇందులో చూడాల్సింది, దాచుకున్న కోపాన్ని ఆయన కక్కిన కోపం పక్కన పెట్టాడు, అదుపు పక్కన కాదు.

ఇంకో మాట. ఆ ప్రశ్నావళికి కాపీరైటు ఉంది. అనుమతి తీసుకోకుండా అనువదించి వాడకండి. మీ సొంత వాక్యాలు రాసుకోవడమే మేలు, కాకపోతే ఈ విభజన దృష్టిలో పెట్టుకోండి.

పెన్నాతీరం
మాస్టారూ, ఇప్పుడే లెక్కపెట్టాను. దాచుకోవడం గురించి నాలుగు వాక్యాలున్నాయి. నాలుగింటినీ మంచి మార్కుల కిందే వేశాను. "కోపం వచ్చినా ఎవరికీ తెలియనివ్వను" అన్నదానికి పూర్తిగా ఒప్పుకుంటే 5 ఇచ్చాను.

నుడికారం
నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. సైకాలజీ నాకు రాదు కానీ మీ వాక్యం చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మీ 30 వాక్యాల్లోనూ "కోపం" అన్న ఒక్క మాటే వాడారా?

మనకు కోపం ఒక్కటే కాదండీ. చిరాకు వేరు, విసుగు వేరు. ఉక్రోషం అంటే ఏమీ చెయ్యలేక వచ్చే కోపం, కళ్లలో నీళ్లు కూడా తిరుగుతాయి. అలక అయినవాళ్ల మీదే, బతిమాలతారని నమ్మకం ఉన్నచోటే. కక్ష అయితే ఏళ్లు గడిచినా ఉంటుంది. పౌరుషానికి పొగడ్త కూడా ఉంది, "పౌరుషం ఉన్నవాడు" అంటాం. మీ సూట్‌కేసు అమ్మాయిని "నీకు కోపమా?" అని అడిగితే "నాకెందుకు కోపం" అంటుంది. నిజంగానే అంటుంది, అబద్ధం కాదు. ఆమె లెక్కలో అది కోపం కాదు, మనసు విరగడం. ఆ మాటతో అడిగి చూడండి, ఏం చెబుతుందో.

ఇంకొకటి, ఇది ముఖ్యం. మీ ఐదు గడుల మీద ఏమని రాశారు?

పెన్నాతీరం
"ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ" అని రాశాను మేడమ్.

నుడికారం
నేను అనుకున్నదే. మొదటి గడీ "ఎప్పుడూ"తోనే మొదలైంది, చివరి గడీ "ఎప్పుడూ"యే. మనకు ఆ మాట రెండు వైపులా పనిచేస్తుంది. "ఎప్పుడూ అరుస్తాడు", "ఎప్పుడూ అరవడు". ఇరవయ్యో వాక్యం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు గబగబా చూస్తారు, మొదటి మాట చూసి టిక్కు పెడతారు. చాలామంది ఫారాల్లో ఒకటి కొట్టేసి ఐదు పెట్టడం, ఐదు కొట్టేసి ఒకటి పెట్టడం కనిపించాలే, చూడండి. కొట్టేసినవాళ్లు గమనించుకున్నవాళ్లు. గమనించుకోనివాళ్ల సంగతి మీకు తెలియదు.

"అస్సలు ఉండదు", "దాదాపు ప్రతిసారీ" అని పెట్టండి. అలాగే "నేను కోపం తెచ్చుకోకుండా ఉండలేను" లాంటి రెండు కాదుల వాక్యాలు తీసెయ్యండి. దానికి "అస్సలు ఉండదు" అని జవాబిస్తే అర్థం ఏమిటో రాసిన నాకే తెలియడం లేదు.

పెన్నాతీరం
మేడమ్, ఫారాలు ముందేసుకుని కూర్చున్నాను. కొట్టివేతలు ఏడు ఫారాల్లో ఉన్నాయి. ఆరింట్లో అవి మొదటి గడికీ చివరి గడికీ మధ్యే. చేతులు వణికాయి నాకు.

రెండోఅంతస్తు
బీటెక్ సెకండియర్. నేను ఇలాంటి ఫారాలు నింపే వైపు ఉన్నాను కాబట్టి మా వైపు నుంచి ఒకటి చెప్తా అక్కా, తప్పుగా అనుకోవద్దు. ఎవరి ఫారం ఎవరిదో నీకెలా తెలిసింది?

ఆ అమ్మాయికి ఎక్కువ వచ్చింది, ఈ అమ్మాయికి తక్కువ వచ్చింది అని రాశావు అంటే పేరో రూమ్ నంబరో రాయించావు. మా దగ్గర కూడా మొన్న ఒకటి ఇచ్చారు. పైన రోల్ నంబర్. తీసుకున్నది క్లాస్ ఇన్‌చార్జి. "కోపంలో వస్తువులు విసిరేస్తాను" అని ఉంది. నేను ఫస్టియర్‌లో ఒకసారి ఫోన్ గోడకేసి కొట్టాను, స్క్రీన్ మొత్తం పోయింది, నాన్నకి చెప్పడానికి నెల పట్టింది. కానీ ఫారంలో "ఎప్పుడూ లేదు" అనే పెట్టా. రేపు ఏదైనా గొడవైతే ఈ కాగితం తీసి చూపించరని గ్యారంటీ ఏంటి? క్లాసులో అందరం పక్కవాడి కాగితం చూసి మంచిబాలుడిలా నింపాం. మా సెక్షన్‌కి కోపమే లేదని రిపోర్టు వెళ్లి ఉంటుంది.

ఇంకోటి, ఆ ఇద్దరి సంగతులు ఇక్కడ రాయడం కూడా బాలేదు అక్కా. ఆ హాస్టల్ వాళ్లు ఎవరైనా చదివితే సూట్‌కేసు అనగానే గుర్తుపడతారు.

పెన్నాతీరం
తమ్ముడూ, నువ్వన్నది నిజం. రూమ్ నంబర్ రాయించాను, అనుమానాలుంటే మళ్లీ అడుగుదామని. సూట్‌కేసు సంగతి రాయాల్సింది కాదు. ఆ పోస్టు మార్చమని మోడరేటర్ గారికి ఇప్పుడే రాశాను. వాళ్లిద్దరికీ కూడా నేనే వెళ్లి చెబుతాను.

మోడరేటర్
అందుకే గుర్తుపట్టే వివరాలు మార్చి, మాట్లాడకుండా ఉన్న అమ్మాయి ఒప్పుకున్నాక మొదటి పోస్టును, ఆ మాట వచ్చిన మిగతా పోస్టులను ఇప్పుడున్న రూపంలో ఉంచాం. సూట్‌కేసు అసలు సంగతికి బదులు పెట్టిన ఉదాహరణ. చర్చ కొనసాగించండి.

కొలతల మాస్టారు
ఆ అబ్బాయి చెప్పినదానికి మా శాస్త్రంలో పేరుంది. పదిమందికీ నచ్చేలా జవాబివ్వాలన్న ఒత్తిడి అది. క్రౌన్, మార్లో అనే ఇద్దరు 1960లోనే దాన్ని పట్టుకోవడానికి 33 ప్రశ్నల కొలత తయారుచేశారు. "నాకు ఎవరి మీదా ఎన్నడూ అయిష్టం కలగలేదు" లాంటి తరహా వాక్యాలుంటాయి. అలాంటి వాటన్నిటికీ అవును అన్నవాళ్లు మిగతా ఫారంలోనూ తమను కాస్త తీర్చిదిద్దుకునే ఉంటారని అనుమానించాలి. కానీ రోల్ నంబర్ తీసెయ్యడం అంతకంటే చవకైన మందు. కాగితాలు మడిచి డబ్బాలో వెయ్యమనండి. మీ డిపార్ట్‌మెంట్ టీచర్లు ఎవరూ గదిలో ఉండకూడదు.

అరనెల ఆగి రెండోసారి కూడా ఇచ్చి పోల్చాలంటే, ఎవరి కోడ్ వాళ్లే పెట్టుకునే పద్ధతి ఉంది. అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీ, ఫోన్ నంబర్లో చివరి అంకె. వాళ్లకు గుర్తుంటుంది, మీకు ఎవరో తెలియదు.

ఆల్ఫా గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎలాగూ వైవాలో అడుగుతారు. క్రోన్‌బాక్ 1951లో ఇచ్చిన లెక్క అది. 0.70 దాటితే చాలని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. వాక్యాలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని మాత్రమే అది చెబుతుంది. అన్నీ కలిసి తప్పుదారిన నడిచినా ఆల్ఫా బాగానే వస్తుంది. సెక్షన్ అంతా మంచిబాలురై నింపినా బాగానే వస్తుంది.

గోరుముద్ద
నేను పదకొండేళ్లు అమ్మాయిల హాస్టల్ వార్డెన్‌గా చేశాను. ఈ స్కేళ్లు నాకు కొత్త. కానీ కోపం ఎక్కడ పుడుతుందో చెప్పగలను. సాయంత్రం నీళ్లు రాకపోవడం, రెండు బాత్రూములకు ఇరవై మంది, పరీక్ష ముందు రాత్రి పక్కమంచం అమ్మాయి ఫోన్ స్పీకర్ పెట్టడం, ఇంటి నుంచి ఫోన్ వచ్చి పెళ్లిమాట ఎత్తడం. ఈ నాలుగింట్లో మొదటి మూడూ కారిడార్లో వినబడతాయి. నాలుగోది వినబడదు. ఆ పిల్ల భోజనానికి రాదు, అంతే. మెస్‌లో ప్లేట్లు లెక్కపెట్టేటప్పుడు నాకు తెలిసేది.

అందుకే "కోపం వస్తే ఏం చేస్తారు?" అని గాలిలో అడగకండమ్మా. సంఘటన చెప్పి అడగండి. "రేపు పరీక్ష. రాత్రి పదకొండైంది. పక్కమంచం అమ్మాయి పాటలు పెట్టింది. మీరేం చేస్తారు?" అప్పుడు పిల్లలు నిజం చెబుతారు, ఎందుకంటే అది నిన్న రాత్రే జరిగి ఉంటుంది.

ఎవరి మీద అన్నది కూడా అడగండి. రూమ్మేట్ మీద అరిచే పిల్ల లెక్చరర్ దగ్గర నోరెత్తదు. తమ్ముడి మీద చెయ్యెత్తే అబ్బాయి సీనియర్ ముందు తల వంచుకుంటాడు. ఒకే మనిషి, మూడు చోట్ల మూడు రకాలు.

మెరపకాయబజ్జీ
వార్డెన్ మేడమ్ నాలుగోది రాసినప్పుడు చదవడం ఆపేసి కాసేపు కూర్చున్నాను. ఎమ్మే మొదటి సంవత్సరం నేను. మా ఇంట్లో అన్నయ్య కంచం విసిరితే "వాడికి కాస్త ముక్కుమీద కోపం" అంటారు. నేను గొంతు పెంచితే "ఆడపిల్లకి అంత కోపం ఏంటి?" అంటారు. పదేళ్లప్పటి నుంచీ ఇది వింటూ పెరిగినదాన్ని మీ ఫారం ముందు కూర్చోబెడితే నేనేం రాస్తాను? అదుపు బాగుందనే రాస్తాను. మీరు చివర్లో "అబ్బాయిల కంటే అమ్మాయిల్లో కోపం అదుపు ఎక్కువ" అని రాస్తారు. దయచేసి ఆ వాక్యం రాయకండి అక్కా. రాసే ముందు మా తలనొప్పులు, నిద్ర లేకపోవడం, బాత్రూంలో కుళాయి తిప్పి ఏడవడం కూడా అడగండి.

కొలతల మాస్టారు
ఆమె చెప్పింది లెక్కల భాషలోనూ సరైనదే. ఒకే వాక్యం ఇద్దరికీ ఒకే అర్థం ఇస్తోందని ముందు తేల్చుకోకుండా రెండు గుంపుల సగటులు పోల్చకూడదు. చాలా ప్రాజెక్టుల్లో టీ-టెస్టు పెట్టేసి చేతులు దులుపుకుంటారు. మీ దగ్గర అంత డేటా ఉండదు కాబట్టి పోలిక జోలికి వెళ్లకండి, విడివిడిగా వర్ణించండి.

మొదటితరం
నాకు ఈ "అదుపు" అన్న మాటతోనే గొడవ ఉంది. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్టెక్కిన మొదటివాణ్ని నేను. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని మా కాలేజీ నా సర్టిఫికెట్లు ఆపింది. ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బు అది, నేను ఎగ్గొట్టింది కాదు. ఉద్యోగానికి ఒరిజినల్స్ చూపించాల్సిన తేదీ దగ్గరపడుతోంది. ఆఫీసులో కౌంటర్ దగ్గర నా గొంతు పెరిగింది. లోపల ఉన్నాయన తల ఎత్తకుండానే "ముందు కోపం తగ్గించుకో" అన్నాడు. నా దరఖాస్తు కౌంటర్ మీద అలాగే ఉంది, దాని మీద టీ గ్లాసు పెట్టాడు. గ్లాసు అడుగు గుండ్రంగా మరక పడింది, నా పేరు మీద.

చెప్పండి, మీ ఫారంలో నాకెన్ని మార్కులు? అరిచినందుకు తక్కువ వస్తాయి కదా. ఆ తర్వాత నేను నాలుగు కాపీలు తీయించి, మాలాంటి వాళ్లు పదిహేడు మందిని కలుపుకుని పైఆఫీసుకు వెళ్లాం. సర్టిఫికెట్లు వచ్చాయి. ఆ కోపం లేకపోతే నేను ఊరికి తిరిగి వెళ్లిపోయేవాణ్ని. అన్యాయం మీద కోపం వచ్చేవాణ్ని రోగిలా చూసే కొలత నాకొద్దు.

పెన్నాతీరం
అన్నా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. "కోపం వచ్చాక ఆ సమస్య గురించి ఏమైనా చేశారా? ఏం చేశారు?" అన్నది నా 30లో ఒక్కచోట కూడా లేదు.

వినేచెవి
నేను కౌన్సెలర్‌ని, రెండు కాలేజీలకు వారానికి రెండేసి రోజులు వెళ్తాను. మొదటితరం గారి మాటకు నా జవాబు: మేం కోపం రావడాన్ని రోగంగా చూడం. ఎంత తరచుగా వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, వచ్చినప్పుడు ఎవరికి దెబ్బ తగులుతోంది, తర్వాత పని జరుగుతోందా, ఇవే చూస్తాం. మీ విషయంలో దెబ్బ ఎవరికీ తగల్లేదు, పని జరిగింది. అది నేర్పే. దాన్ని నేర్పుగా లెక్కపెట్టే వాక్యం ఉండాలి.

నేర్పు అన్న మాట దగ్గర ఇంకొకటి చెప్పాలి. చాలా ఫారాల్లో "కోపం వస్తే దిండును గుద్ది బయటికి పంపేస్తాను" లాంటి వాక్యానికి మంచి మార్కులు వేస్తుంటారు. లోపల ఉన్నది కక్కేస్తే తగ్గుతుందని మన నమ్మకం. బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకుడు 2002లో 600 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం దీనికి ఎదురు చెబుతుంది. ముందు వాళ్లకు కోపం తెప్పించారు. కొందరిని ఆ కోపం తెప్పించిన మనిషినే తలుచుకుంటూ సంచిని గుద్దమన్నారు. కొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నారు. కొందరిని ఊరికే రెండు నిమిషాలు కూర్చోమన్నారు. తలుచుకుంటూ గుద్దినవాళ్లకే కోపం ఎక్కువ మిగిలింది. దూకుడు తక్కువ చూపింది ఊరికే కూర్చున్నవాళ్లు. 2024లో సోఫీ కార్విక్‌తో కలిసి ఆయనే 154 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు కూడా ఒంట్లో వేడి తగ్గించే పనులే, అంటే నిదానంగా ఊపిరి తీయడం, కండరాలు వదులు చేయడం, ధ్యానం లాంటివే, కోపం తగ్గించాయి. ఒంట్లో వేడి పెంచేవి మొత్తం మీద తగ్గించలేదు. కాబట్టి దిండు వాక్యానికి మార్కులు వేసే ముందు ఆలోచించండి.

చివరిగా ఒక బాధ్యత. మీ ఫారంలో ఎవరైనా "నన్ను నేను గాయపరచుకుంటాను" అని రాస్తే ఏం చేస్తారు? పేర్లు లేవు, ఎవరో తెలియదు. అందుకే ఫారం ఇచ్చేటప్పుడే ప్రతి ఒక్కరికీ చించుకునేలా ఒక చీటీ జత చెయ్యండి. మానసిక సహాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబర్ 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ కాలేజీ కౌన్సెలర్ కూర్చునే గది, సమయం కూడా రాయండి. ఎవరు చించుకున్నారో పక్కవాళ్లకు తెలియకుండా, అందరి చేతా చింపించండి.

డాలస్ నుంచి
ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నాను. ఒక రీసెర్చ్ సర్వేలో దూకుడును కొలిచే బస్-పెర్రీ ప్రశ్నావళి ఇంగ్లీషులో నింపాను. 29 వాక్యాలు, 1992 నాటిది. చేత్తో చేసే దూకుడు, మాటతో చేసే దూకుడు, కోపం, లోపలి కక్ష అని నాలుగు భాగాలు. ఇంగ్లీషులో నింపుతున్నంతసేపూ వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు అనిపించింది. నాకు కోపం వచ్చేది తెలుగులో, తిట్టేదీ తెలుగులోనే. కాబట్టి అక్కడివాళ్లకు ఇంగ్లీషు మీడియం కదా, ఇంగ్లీషు ఫారం చాలు అని మీ గైడ్ గారు అంటే ఒప్పుకోకండి.

నుడికారం
తెలుగైనా మన జిల్లాల తెలుగు వేరే వేరే. "కసురుకుంటాను" అంటే గోదావరి పిల్లలకు తెలుస్తుంది, ఆదిలాబాద్ నుంచి వచ్చిన పిల్ల దగ్గర అడిగి చూడండి. వాక్యాలు రాశాక నలుగురైదుగురిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది చదివి నీకేం అర్థమైందో నీ మాటల్లో చెప్పు" అని అడగండి. టిక్కు పెట్టించకండి, చెప్పించండి.

పెన్నాతీరం
నాలుగు రోజులు కనిపించనందుకు క్షమించండి. పని చేస్తూ ఉన్నాను.

పాత డేటా పక్కన పెట్టేశాను. వాళ్లిద్దరి దగ్గరికీ వెళ్లి, వాళ్ల ఫారాలు చూశానని చెప్పి, వాళ్ల ముందే చించేశాను. నేను ఏమీ అడగలేదు. మాట్లాడకుండా ఉన్న అమ్మాయే, "అందులో ఒక ప్రశ్న తక్కువైంది అక్కా" అంది. ఏమిటని అడిగితే, "కోపం పోయాక కూడా ముందుగా మాట్లాడటానికి మొహమాటపడతారా, అని లేదు" అంది. నేను రెండు సెమిస్టర్లు పుస్తకాలు చదివీ ఆ వాక్యం రాయలేకపోయాను.

కొత్త ఫారంలో ఒక్క స్కోరు లేదు, నాలుగు వరసలున్నాయి: బయటికి రావడం, దాచుకోవడం, చల్లార్చుకోవడం, ఆ తర్వాత సమస్యకు చేసిన పని. ఆ అమ్మాయి వాక్యం దాచుకోవడం కింద మొదటిది. సంఘటనలు ఆరు, మూడు వార్డెన్ మేడమ్ ఇచ్చినవే, ఒకటి కౌంటర్ దగ్గర టీ గ్లాసుది. గడుల మీద "అస్సలు ఉండదు" నుంచి "దాదాపు ప్రతిసారీ" దాకా. దిండు వాక్యం తీసేశాను. అబ్బాయిలు, అమ్మాయిల పోలిక ఉండదని గైడ్ గారికి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "వైవాలో అడిగితే నువ్వే జవాబు చెప్పుకోవాలి" అన్నారు. చెప్పుకుంటాను.

ఇప్పుడు చదివి చెప్పేవాళ్లు కావాలి. మా ఊరి యాసే కాకుండా వేరే జిల్లాల పిల్లలు ఎవరైనా ఉన్నారా?

రెండోఅంతస్తు
మా వింగ్‌లో శ్రీకాకుళం ఇద్దరు, నిజామాబాద్ ఒకడు, కర్నూలు ఒకడు ఉన్నారు అక్కా. ఆదివారం మధ్యాహ్నం మెస్ అయ్యాక ఖాళీ. రోల్ నంబర్ గడి లేదు కదా, నేనే కూర్చోబెడతా. ఫోన్ గోడకేసి కొట్టిన సంగతి ఈసారి నిజమే రాస్తా.